సూక్ష్మజీవి పేరు తెలిసినంత మాత్రాన మందు తెలిసినట్లు కాదు



గత మాసంలో నా చిరకాల మిత్రులొకరు, విశ్రాంత ఉపాధ్యాయులు, ఒక రంగురంగుల రిపోర్టు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆయన వయస్సు 72 సంవత్సరాలు. పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది. ఒక ప్రయోగశాల వారి ఆరోగ్య ప్యాకేజీలో భాగంగా మూత్రం ఇచ్చి వచ్చారు. అందులో చీము కణాలు కనిపించాయని చెప్పి, మరొక ఆరు వేల రూపాయలు తీసుకొని, కల్చర్ అవసరం లేని కొత్త జన్యు పరీక్ష చేశారు. మర్నాటికల్లా ఫలితం వచ్చింది. ఐదు రకాల బాక్టీరియాల పేర్లు, నాలుగు రకాల మందులకు లొంగని జన్యువులు, అన్నీ ఎర్రరంగులో ముద్రించి ఉన్నాయి. ఆ కాగితం చూసి ఒక వైద్యుడు రోజుకు మూడు చొప్పున ఏడు రోజుల మెరోపెనెమ్ ఇంజెక్షన్లు రాశాడు.

"డాక్టరు గారూ, ఒక్క రోజులో ఐదు క్రిములను పట్టేశారండీ, సైన్సు ఎంత ఎదిగిపోయింది!" అన్నారాయన.

"మాస్టారూ, మీకు మూత్రంలో మంట ఉందా? జ్వరం వచ్చిందా? నడుము పక్కన నొప్పి ఉందా? ఇదివరకు కంటే ఎక్కువసార్లు వెళ్లవలసి వస్తున్నదా?" అని అడిగాను.

అన్నిటికీ ఆయన సమాధానం ఒక్కటే: "లేదండీ."

ఆయనను పరీక్షించి, ఆ వైద్యునితో ఫోనులో మాట్లాడి, ఆ ఇంజెక్షన్లు మాన్పించాను. మిత్రుడు కొంత నిరుత్సాహపడ్డారు. అంత ఖరీదైన పరీక్ష వృథా అయినందుకు కాబోలు. ఆయన ఈనాటికీ కులాసాగా ఉన్నారు. ఆయన మూత్రంలో ఆ బాక్టీరియాలు బహుశా ఇంకా ఉన్నాయి. ఉండనివ్వండి.

ఈ వ్యాసం ఆయన కోసం కాదు. ఆ ఎర్రరంగు కాగితం రేపు మీ చేతికి కూడా రావచ్చు. వచ్చినప్పుడు మీరు భయపడకుండా, మోసపోకుండా, అలాగని నిజంగా అవసరమైన చికిత్సను తోసిపుచ్చకుండా ఉండాలని ఇది రాస్తున్నాను.

నేను శీఘ్ర పరీక్షలకు విరోధిని కాను. నా విరోధమంతా "ఇక కల్చర్ అక్కరలేదు" అనే నినాదంతోనే. ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే, ముసలి డాక్టరుకు కొత్తదంటే గిట్టదని మీరు అనుకొనే ప్రమాదం ఉంది.

1988లో నేను ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యాధికారిని. ఏడవ నెల గర్భిణి ఒకామె వణుకుతో కూడిన జ్వరంతో, నడుము నొప్పితో ఎడ్లబండిలో వచ్చింది. అది మూత్రపిండానికి సోకిన ఇన్ఫెక్షన్ అని తెలుసుకొనడానికి పెద్ద పరీక్షలేవీ అవసరం లేకపోయింది. మూత్రం తీసి కల్చర్ కోసం జిల్లా కేంద్రానికి పంపి, ఆంపిసిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాను. జెంటామైసిన్ కూడా ఇవ్వాలా అని ఆలోచించి, గర్భంలోని బిడ్డ వినికిడికి హాని కలుగుతుందేమో అని వెనుకాడాను. మూడవ రోజుకు కూడా జ్వరం తగ్గలేదు. నాలుగవ రోజు రాత్రి నెలలు నిండని ప్రసవం జరిగింది. బిడ్డ దక్కలేదు. రిపోర్టు ఆరవ రోజు వచ్చింది. ఈ-కోలై, ఆంపిసిలిన్‌కు లొంగదు, జెంటామైసిన్‌కు లొంగుతుంది అని అందులో ఉంది.

కాబట్టి ఆలస్యం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఆ ఆరు రోజుల లెక్క తరువాత విడదీసి చూసుకున్నాను. ప్రయోగశాలలో కల్చర్‌కు, మందుల పరీక్షకు పట్టినది రెండు రోజులు. మిగిలిన నాలుగు రోజులు మూత్రపు సీసా బస్సు కోసం ఎదురు చూడడానికి, రిపోర్టు గుమాస్తా బల్ల మీద పడి ఉండడానికి, తిరిగి తపాలా సంచిలో రావడానికి పట్టింది. ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా బాధించింది. నా గదికి పక్క గదిలోనే క్షయ రోగుల తెమడ చూసే మైక్రోస్కోపు ఉంది. ఆమె మూత్రపు చుక్కను ఒక గాజు పలక మీద వేసి, గ్రామ్ వర్ణకాలతో రంగు వేసి చూసి ఉంటే, పదిహేను నిమిషాల్లో గులాబి రంగు కడ్డీలు కనిపించేవి. గులాబి రంగు కడ్డీలంటే పేగుల్లో నివసించే జాతికి చెందిన బాక్టీరియా. వాటి మీద ఆంపిసిలిన్ ఒక్కదానినే నమ్ముకోరాదని ఆనాటికే మాకు తెలుసు. కల్చర్ అవసరం లేని శీఘ్ర పరీక్ష ఆనాడే నా పక్క గదిలో ఉంది. నేను తలుపు తెరవలేదు.

ఇప్పుడు విషయంలోకి వద్దాం.

మూత్రపు కల్చర్ అంటే ఏమిటి? ఒక మిల్లీలీటరులో వెయ్యవ వంతు మూత్రాన్ని సన్నని తీగ వలయంతో తీసి, పోషక పదార్థాలు కలిపిన అగార్ పలక మీద గీతలు గీస్తారు. దానిని 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రి ఉంచుతారు. ప్రతి సజీవ బాక్టీరియా తనను తాను చీల్చుకొంటూ పెరిగి, కంటికి కనిపించే చుక్కగా మారుతుంది. నూరు చుక్కలు లేస్తే, ఒక మిల్లీలీటరు మూత్రంలో లక్ష బాక్టీరియాలు ఉన్నట్లు లెక్క. ఈ లక్ష అనే గీతను 1950లలో అమెరికాలో ఎడ్వర్డ్ కాస్ ప్రతిపాదించారు. ఆ తరువాత మందుల బిళ్లలు పెట్టిన మరో పలక మీద అదే బాక్టీరియాను పరచి, ఏ బిళ్ల చుట్టూ అది పెరగలేకపోయిందో చూస్తారు. ఈ బిళ్లల పద్ధతిని 1966లో కిర్బీ, బాయర్ మొదలైనవారు క్రమబద్ధం చేశారు.

అంటే కల్చర్ నాలుగు ప్రశ్నలకు సమాధానం చెబుతుంది. బాక్టీరియా బ్రతికి ఉన్నదా? ఎంత ఉన్నది? ఏ జాతి? ఏ మందుకు లొంగుతుంది? లోపం ఒక్కటే. రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా వైద్యుడు ఊహ మీద మందు ఇస్తాడు. ఊహ తప్పితే రోగి నష్టపోతాడు. ఊహ తప్పకూడదని అందరికీ పెద్ద మందే రాస్తే సమాజం నష్టపోతుంది.

ఈ ఆలస్యాన్ని జయించడానికి శాస్త్రజ్ఞులు చేస్తున్న ప్రయత్నాలు నిజంగా కొనియాడదగినవి. పీసీఆర్ పద్ధతిలో బాక్టీరియా డీఎన్ఏ ముక్కను కొన్ని గంటల్లో కోట్లాదిగా హెచ్చించి గుర్తిస్తారు. మాల్డీ-టాఫ్ అనే యంత్రం బాక్టీరియాలోని మాంసకృత్తుల బరువులను కొలిచి, ఆ కొలతల వరుసను బట్టి జాతిని చెబుతుంది. సాధారణంగా పలక మీద లేచిన చుక్కను దానికి అందిస్తారు. మూత్రంలో బాక్టీరియా దండిగా ఉంటే నేరుగా కూడా అందించవచ్చు. రామన్ వర్ణపట పద్ధతిలో బాక్టీరియా మీద లేజరు కాంతి ప్రసరింపజేసి, చెదరిన కాంతిలోని మార్పులను వేలిముద్ర వలె చదువుతారు. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న చంద్రశేఖర వేంకట రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్న కాంతి ధర్మం నేడు మూత్రంలోని సూక్ష్మజీవిని గుర్తించడానికి ఉపయోగపడుతున్నదంటే మనమందరం గర్వించవలసిందే.

అయితే గర్వం వేరు, వివేచన వేరు. ఈ పద్ధతులలో పెక్కింటికి ఉన్న పరిమితులను అమ్మేవారు చెప్పరు. కనుక నేను చెబుతాను.

మొదటి విషయం. బాక్టీరియా ఉండడం వేరు, వ్యాధి ఉండడం వేరు. మూత్రాశయంలో సూక్ష్మజీవులే ఉండవని నా విద్యార్థి దశలో మాకు బోధించారు. అది పొరపాటని 2012 తరువాత షికాగో ప్రాంతపు లయోలా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఆరోగ్యవంతుల మూత్రాశయంలో కూడా కొన్ని బాక్టీరియాలు కాపురం ఉంటాయి. వృద్ధాశ్రమాలలో నివసించే స్త్రీలలో నాలుగవ వంతు నుంచి సగం మంది వరకు ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలోనూ, మూత్రపు గొట్టం అమర్చినవారిలోనూ ఇది సామాన్యం. బాధలు లేనివారిలో బాక్టీరియాను వెదకవలసినది ప్రధానంగా రెండు సందర్భాలలోనే అని అమెరికా అంటువ్యాధుల వైద్యుల సంఘం 2019లో స్పష్టం చేసింది. ఒకటి గర్భిణులలో. రెండవది మూత్రమార్గంలో రక్తస్రావం కలిగించే శస్త్రచికిత్సకు ముందు. మిగిలినవారిలో వెదకితే దొరుకుతుంది. దొరికితే మందు ఇవ్వాలనిపిస్తుంది. ఇస్తే మేలు జరగదు, కీడు జరుగుతుంది. నా మిత్రునికి జరగబోయినది అదే.

కల్చర్ కూడా ఈ పొరపాటుకు అతీతం కాదని మీరు అనవచ్చు. నిజమే. కానీ కల్చర్‌లో నాలుగైదు రకాలు కలిసి లేస్తే, "నమూనా కలుషితమైనది, మళ్లీ పంపండి" అని ప్రయోగశాల రాస్తుంది. అదే మిశ్రమాన్ని జన్యు పరీక్షకు ఇస్తే ఐదు పేర్లతో ఐదు ఎర్ర గీతలు వస్తాయి. చర్మం మీది నుంచి, మలద్వారం దగ్గర నుంచి జారి పడినవాటికి కూడా గౌరవనీయమైన లాటిన్ పేర్లు దక్కుతాయి. పరీక్ష ఎంత సున్నితమైనదైతే అంత చెత్తను కూడా పట్టుకొంటుంది.

రెండవ విషయం. డీఎన్ఏకు ప్రాణం ఉన్నదో లేదో పీసీఆర్‌కు తెలియదు. మందు తగిలి చచ్చిన బాక్టీరియా డీఎన్ఏ కూడా కొంతకాలం మూత్రంలో కనిపిస్తుంది. చికిత్స ముగిసిన తరువాత "తగ్గిందా లేదా చూద్దాం" అని మళ్లీ ఆ పరీక్ష చేయించినవారికి శవాలను చూపించి శత్రువు ఉన్నాడని చెప్పే ప్రమాదం ఉంది.

మూడవ విషయం అన్నింటికంటె ముఖ్యమైనది. మందును ఎన్నుకోవడానికి జాతి పేరు చాలదు. "ఈ-కోలై" అని గంటలో చెప్పారనుకుందాం. మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో అధిక భాగం ఈ-కోలై వల్లనే అని ఆ పరీక్ష చేయకముందే నాకు తెలుసు. నాకు తెలియనిది ఈ రోగిలోని ఈ-కోలై ఏ మందుకు లొంగుతుందనేది. దానికి జన్యువుల జాబితా చూపిస్తారు. కాని మందుకు లొంగని జన్యువు కనిపిస్తే మందు పనిచేయకపోవచ్చునని అర్థం. కనిపించకపోతే మందు పనిచేస్తుందని అర్థం కాదు. బాక్టీరియా మందును ఎదిరించడానికి దారులు అనేకం. మందును ఛేదించే ఎంజైములు, మందు తగిలే చోటును మార్చుకొనడం, మందు లోనికి వచ్చే ద్వారాలను మూయడం, లోపలికి వచ్చినదానిని బయటికి తోడివేయడం వీటిలో కొన్ని. పరీక్షలో ఉన్న పది పదిహేను జన్యువులు ఈ దారులన్నింటికీ కాపలా కాయలేవు. పైగా మిశ్రమంలో ఒక జన్యువు కనిపిస్తే అది ఏ బాక్టీరియా సొత్తో కూడా చెప్పలేరు. చర్మం మీది నిరపాయకరమైన స్టాఫిలోకాకస్ జన్యువును పట్టుకొని, రోగికి ఉన్నది మొండి ఇన్ఫెక్షన్ అని పొరబడడానికి అవకాశం ఉంది.

ఇక్కడ మీరు ఒక గట్టి ప్రశ్న వేయవచ్చు. "క్షయ వ్యాధిలో కల్చర్ లేకుండానే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలతో మన ప్రభుత్వమే చికిత్స చేస్తున్నది కదా? అక్కడ మంచిదైనది ఇక్కడ ఎందుకు చెడ్డదైంది?"

మంచి ప్రశ్న. క్షయలో జన్యు పరీక్ష రావడం నా జీవితకాలంలో నేను చూసిన గొప్ప మేళ్లలో ఒకటి. అక్కడ క్షయ క్రిమి ఒక్కటే. అది తెమడలో కనిపించిందంటే దాదాపుగా వ్యాధి ఉన్నట్లే. ఆరోగ్యవంతుని ఊపిరితిత్తులలో అది కాపురం ఉండి తెమడలోకి రాదు. దాని కల్చర్‌కు వారాలు పడుతుంది. పరీక్ష రెండు గంటల్లో అవుతుంది. రిఫాంపిసిన్ మందుకు లొంగకపోవడానికి కారణమైన మార్పులలో 95 శాతానికి పైగా ఒకే జన్యువులోని ఒక చిన్న ముక్కలో ఉంటాయి. మూత్రంలో ఈ అనుకూలతలలో ఒక్కటీ లేదు. క్రిములు అనేకం. ఉన్నంత మాత్రాన వ్యాధి కాదు. కల్చర్‌కు పట్టేది వారాలు కాదు, ఒకటి రెండు రోజులు. మందులను ఎదిరించే దారులు లెక్కకు మిక్కిలి. వరి కోసే కొడవలి గొప్పదే. దానితో కొబ్బరి చెట్టు నరకమంటే తప్పు కొడవలిది కాదు.

నాల్గవ విషయం సమాజానికి సంబంధించినది. జన్యు పరీక్ష తాను వెదకమన్నదానినే వెదకుతుంది. కల్చర్ అడగనిదానిని కూడా చూపిస్తుంది. 2008లో స్వీడన్‌లో భారత సంతతికి చెందిన ఒక రోగి మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా లేచింది. ఆ రోగి అంతకు ముందు ఢిల్లీలో చికిత్స పొందాడు. కార్బపెనెమ్ తరగతి మందులకు కూడా ఆ బాక్టీరియా లొంగలేదు. ఎందుకు లొంగలేదని తవ్వి చూస్తే అంతవరకు లోకానికి తెలియని ఎంజైము బయటపడింది. అదే ఎన్‌డీఎం-1. దాని పేరులో న్యూఢిల్లీ చేరినందుకు 2010లో మన దేశంలో ఎంత వివాదం చెలరేగిందో కొందరు పాఠకులకు జ్ఞాపకం ఉండవచ్చు. నేను చెప్పదలచినది మరొకటి. ఆనాడు ఆ మూత్రాన్ని ఒక జన్యు జాబితాతో మాత్రమే పరీక్షించి ఉంటే, జాబితాలో లేని ఆ జన్యువు కనిపించేది కాదు. పలక మీద పెరిగిన సజీవ బాక్టీరియా ఉన్నందువల్లనే కొత్త శత్రువు దొరికాడు. ఏ ఊరిలో ఏ మందు పనిచేస్తున్నదో తెలిపే పట్టికలు కూడా ఈ కల్చర్ల నుంచే తయారవుతాయి. భారత వైద్య పరిశోధన మండలి 2013 నుంచి నడుపుతున్న నిఘా వ్యవస్థకు ఆధారం ఇవే. కల్చర్ మానివేసిన దేశం దీపం ఆర్పుకొని దొంగను వెదకుతున్నట్లే.

అలాగని శీఘ్ర పరీక్షలకు చోటు లేదా? ఉంది. రక్తపోటు పడిపోయి ప్రాణాపాయంలో ఉన్న రోగి, నవజాత శిశువు, మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారు, నేను కోల్పోయిన ఆ బిడ్డ తల్లి వంటి గర్భిణులు, వీరి విషయంలో ఒక్కొక్క గంటకు విలువ ఉంది. నిజమైన వ్యాధి లక్షణాలు ఉన్నవారిలో, అనుభవజ్ఞుని చేతిలో, కల్చర్‌తో పాటుగా చేసే జన్యు పరీక్ష మేలు చేయగలదు. "కల్చర్‌తో పాటుగా" అన్న మాటను మరొకసారి చదవండి.

నాకు ఆశ కలిగించిన పరికరం మరొకటి ఉంది. మందులకు లొంగని బాక్టీరియాలను ఎదుర్కొనడానికి బ్రిటన్‌లో 2014లో ప్రకటించిన లాంగిట్యూడ్ బహుమతిని పదేళ్ల తరువాత 2024లో స్వీడన్‌లో రూపొందిన పీఏ-100 అనే పరికరానికి ఇచ్చారు. బహుమతి విలువ 80 లక్షల పౌండ్లు. కొద్దిపాటి మూత్రాన్ని ఒక చిన్న పెట్టెలో పోస్తే, బాక్టీరియా ఉన్నదీ లేనిదీ 15 నిమిషాలలో, ఏ మందుకు లొంగుతుందో 45 నిమిషాలలో అది చెబుతుంది. అది చేసే పని గమనించండి. వెంట్రుక కంటె సన్నని కాలువలలో సజీవ బాక్టీరియాలను బంధించి, వాటి మీదుగా మందును పారించి, అవి పెరుగుతున్నాయా ఆగిపోయాయా అని మైక్రోస్కోపుతో చూస్తుంది. బాక్టీరియా పేరు మీద దానికి పట్టింపు లేదు. బ్రతికి ఉన్నదా, ఏ మందు దగ్గర ఆగుతుంది అన్నదే దాని ప్రశ్న. అంటే అది కల్చర్‌ను రద్దు చేయలేదు. రెండు రోజుల కల్చర్‌ను ముప్పావు గంటకు కుదించింది. శీఘ్ర పరీక్ష అంటే ఇది. ఇటువంటిది మన జిల్లా ఆసుపత్రులకు అందుబాటు ధరలో వచ్చిననాడు మొదటి కొబ్బరికాయ నేనే కొడతాను.

అంతవరకు మనం చేయగలిగినది ఏమీ లేదా? చాలా ఉంది. దానికి కోట్ల రూపాయలు కూడా అక్కరలేదు.

1884లో డెన్మార్క్ వైద్యుడు హన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన వర్ణక పద్ధతి నేటికీ సజీవంగా ఉంది. తిప్పి వడకట్టని మూత్రపు చుక్కను రంగు వేసి, నూనె కటకం కింద చూసినప్పుడు ఒక్కొక్క దృశ్యక్షేత్రంలో ఒక్క బాక్టీరియా కనిపించినా, మిల్లీలీటరుకు సుమారు లక్ష ఉన్నట్లు లెక్క. అవి కడ్డీలా, గుండ్రని గొలుసులా, పక్కన చీము కణాలు ఉన్నాయా అన్నది కూడా కనిపిస్తుంది. ఖర్చు కొన్ని రూపాయలు. క్షయ, మలేరియా పరీక్షల పుణ్యమా అని మైక్రోస్కోపు, టెక్నీషియన్ ఇప్పటికే మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉన్నారు. లేనిది ఆదేశం, శిక్షణ, అన్నిటికీ మించి పట్టించుకొనే మనస్సు.

టీకాలను మారుమూల తండాల వరకు చల్లని పెట్టెలలో చేర్చగలిగిన ప్రభుత్వం, మూత్రపు సీసాను అదే పెట్టెలో జిల్లా ప్రయోగశాలకు చేర్చలేదా? గది వేడిలో మూత్రాన్ని రెండు గంటలకు మించి ఉంచరాదు. చల్లగా ఉంచితే 24 గంటల వరకు ఆగవచ్చు. అనుకూల పరిస్థితులలో ఈ-కోలై 20 నిమిషాలకు ఒకసారి రెట్టింపవుతుంది. అంటే మూడు గంటలలో ఒకటి 512 అవుతుంది. ఎండలో బస్సు ఎక్కిన సీసాలో ఏమి జరుగుతుందో మీరే ఊహించండి. ఇక రిపోర్టు సంగతి. ఫోనులో ఒక సందేశంతో క్షణంలో చేరవలసిన ఫలితం ఈనాటికీ కాగితం మీద రోగి బంధువు వచ్చి తీసుకువెళ్లే వరకు అక్కడే ఉంటున్నదని నా జూనియర్లు చెబుతున్నారు. 1988 నుంచి మనం ముందుకు వచ్చిన దూరం ఇదేనా?

కల్చర్‌లో ఆలస్యం కొంత ఉంది. మన వ్యవస్థలో ఆలస్యం అంతకంటె ఎక్కువ ఉంది. రెండవదానిని సరిదిద్దకుండా మొదటిదానికి ఆరు వేల రూపాయల విరుగుడు అమ్మడం వైద్యం అనిపించుకోదు.

ఇంకొక వాదన కూడా వినిపిస్తుంది. "ఎలాగూ మందుల దుకాణంలో అడిగినవారికల్లా సిప్రోఫ్లాక్సాసిన్, సెఫిక్సిమ్ అమ్ముతున్నారు. ఏ పరీక్షా లేకపోవడం కంటె ఏదో ఒక పరీక్ష మేలు కదా?" అని. సెఫిక్సిమ్ వంటి మందులను చీటీ లేకుండా అమ్మరాదని, అమ్మినప్పుడు వేరే రిజిస్టరులో రాయాలని 2014 మార్చి నుంచి హెచ్-1 జాబితా నియమం అమలులో ఉంది. ఆ నియమాన్ని అమలు చేయడమే దానికి మందు. ఒక తప్పును మరొక ఖరీదైన తప్పుతో సరిచేయలేము. అంతేకాదు. మొదటిసారి మూత్రంలో మంట వచ్చిన, జ్వరం లేని, గర్భం లేని యువతికి చాలాసార్లు జన్యు పరీక్షా అక్కరలేదు, కల్చర్ కూడా అక్కరలేదు. వైద్యుడు పరీక్షించి, ఐదు రోజుల నైట్రోఫ్యురాన్‌టోయిన్ లేదా ఒకే మోతాదు ఫాస్ఫోమైసిన్ ఇస్తే సాధారణంగా సరిపోతుంది. తగ్గకపోతే, తిరగబెడితే, జ్వరం వస్తే అప్పుడు కల్చర్ తప్పనిసరి. మగవారిలో, గర్భిణులలో, పిల్లలలో మొదటే చేయించాలి.

ఇప్పుడు మీరు చేయవలసినవి చెబుతాను.

బాధ ఏదీ లేకుండా ఆరోగ్య ప్యాకేజీలో మూత్రపు కల్చర్ గాని, బాక్టీరియా జన్యు పరీక్ష గాని చేయించుకోకండి. గర్భిణులు మాత్రం వైద్యుడు చెప్పినప్పుడు తప్పక చేయించుకోవాలి. మూత్రం వాసన వస్తున్నదని, రంగు మారిందని మాత్రమే యాంటీబయాటిక్ అడగకండి.

నమూనా ఇచ్చేటప్పుడు శుభ్రం చేసుకొని, మొదటి ధారను వదిలి, నడిమి ధారను శుద్ధమైన సీసాలో పట్టండి. మొదటి మాత్ర వేసుకొనక ముందే ఇవ్వండి. ఇంటి నుంచి తీసుకువెళ్తుంటే రెండు గంటలలో చేర్చండి, లేదా చల్లగా ఉంచండి.

ఎవరైనా కల్చర్ లేని శీఘ్ర పరీక్ష రాస్తే వినయంగా మూడు ప్రశ్నలు అడగండి. "నాకు ఉన్నది వ్యాధా, లేక కేవలం బాక్టీరియానా? దీని ఫలితం వలన నా చికిత్స మారుతుందా? దీనితో పాటు కల్చర్ కూడా పంపుతున్నారా?" ఈ మూడింటికీ ఓపికగా సమాధానం చెప్పే వైద్యుడు దొరికితే ఆయనను వదులుకోకండి.

వణుకుతో జ్వరం, నడుము పక్క నొప్పి, వాంతులు, మతి తప్పడం, మూత్రం ఆగిపోవడం వంటివి ఉంటే ఏ ప్రశ్నలూ వద్దు, ఏ వ్యాసాలూ వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నా తోటి వైద్యులకు ఒక్క మాట. రిపోర్టు మీద ఎర్రరంగు ఎంత ఉన్నదో చూడడం కంటె ముందు రోగి ముఖం చూడండి. ప్రయోగశాలల యజమానులకు ఒక్క మాట. మీ యంత్రం చెప్పగలిగినదానితో పాటు చెప్పలేనిది కూడా అదే కాగితం మీద, అదే అక్షరాల పరిమాణంలో ముద్రించండి. ప్రభుత్వ పెద్దలకు ఒక్క మాట. మూలనున్న మైక్రోస్కోపు మీది గుడ్డ తీయించండి.

ముప్పై ఏళ్లకు పైగా గడిచినా ఆ తల్లి నాకు గుర్తుంది. తరువాత ఆమె మరొక బిడ్డను ఎత్తుకొని, టీకా కోసం మా ఆసుపత్రికే వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి ఆమెకు తెలియదు కూడా. తెలిసినది నాకు. పక్క గది తలుపు తెరిస్తే సరిపోయేదన్న సంగతి తెలిసినవాడిని కనుకనే, ఈ రోజు ఆ గది అవసరమే లేదని చెప్పేవారితో ఇంత గట్టిగా వాదిస్తున్నాను.

(ఈ వ్యాసం వైద్య విషయాలపై అవగాహన కలిగించడం కొరకు మాత్రమే. ఎవరి చికిత్స వారి వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. ఇందులో పేర్కొన్న మందులు మూత్రపిండాల పనితీరును బట్టి, గర్భస్థితిని బట్టి కొందరికి పనికిరావు. స్వంతంగా వాడవద్దు.)